ఇరవై దాకా లెక్క

కదలకుండా కూచున్న మనిషిని చూడగానే ఫల్గుణకి వచ్చిన మొదటి ఆలోచన, ఈయన చేతిలో తుపాకి ఉంటే గురి తప్పదు అని.

ఆ మనిషి సాములోరు. గుండు, ఇటికరంగు గుడ్డలు, చేతిలో నల్లటి గిన్నె. తొంభై ఎనిమిదిలో వానలు వెనకబట్టాక పెదబయలు వైపు నుంచి నడిచి వచ్చి, జోడుబండ ఊరికి పైన ఎవరూ వాడని కాఫీ నర్సరీ షెడ్డులో దిగాడు. బుద్ధుడి సాములట. పొద్దున్న ఒక్కసారి ఊళ్లోకి వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. అడగడు. సామ అన్నమో రాగి అంబలో ఎవరేది పోస్తే అది పట్టుకుని వెళ్లిపోతాడు. పొద్దు నడినెత్తి దాటితే మెతుకు ముట్టడు. మిగతా కాలమంతా బండమీద కళ్లు మూసుకుని కూచుంటాడు. ఊరి జనం రెండు వారాలు వింతగా చూశారు. తరవాత మానేశారు.

ఫల్గుణ మానలేదు. ఆ పొద్దున ఒక తొండ సాములోరి మోకాలెక్కింది. అక్కడ కాసేపు ఎండ కాచుకుని తీరిగ్గా దిగిపోయింది. తొండని మోసం చెయ్యడం తేలిక కాదు. మాటు వేసి కూచున్న వేటగాడి మీదికి అది రాదు. మనిషి ఊపిరిలో ఏదో ఆత్రం ఉంటుంది, దానికి తెలిసిపోతుంది. ఈయన దగ్గర దానికి ఏమీ తెలియలేదు.

మాటు కూచోడంలో ఆ చుట్టుపక్కల ఏడూళ్లలో ఫల్గుణ తరవాతే ఎవరైనా. అది మొన్నటి మాట. కార్తీకంలో అడవిపంది పది బారల దూరంలోంచి నడిచిపోతే కొట్టలేకపోయాడు. తుపాకి ఎత్తితే చేతులు వణికాయి. తోటి వేటగాడు మంగ్లు పక్కనే ఉన్నాడు, వచ్చి ఊరంతా చెప్పాడు.

"మా ఫల్గుణ తుపాకెత్తితే సాలు, పందులు నవ్వలేక సత్తన్నాయి. తుపాకిమందు కర్సే నేదు."

అందరూ నవ్వారు. ఫల్గుణ కూడా నవ్వాడు. చేతులు మాత్రం దుప్పటి కింద దాచుకున్నాడు.

ఆ వణుకు కనక పోయిన దగ్గర్నుంచి. కనక అతని కూతురు, ఏడేళ్ల గుంట. భాద్రపదంలో చలిజ్వరం పట్టుకుని నాలుగో రోజుకి పోయింది. అప్పుడు ఫల్గుణ ఊళ్లో లేడు. గుంటని వీపున కట్టుకుని పెదబయలు ఆస్పత్రికి బయల్దేరింది భీముడు. ఫల్గుణ పెళ్లాం ముత్యాలమ్మకి చిన్నాన్న ఆయన, ఫల్గుణకి మామ. దారిలో గెడ్డ దాటుతుంటే ముసలాడి వీపు మీదే గుంట ప్రాణం పోయింది. పుల్లలకి వెళ్లిన పొరుగింటి రత్న అవతలి ఒడ్డున నిలబడి చూసింది. ముసలాడు నడుస్తూ నడుస్తూ ఏదో గొణుగుతున్నాడట. పెదాలు ఆగకుండా ఆడుతున్నాయట.

ఆ మాట పట్టుకుని ఫల్గుణ మంత్రం తెలిసిన గురువు దగ్గరికి పోయాడు. గురువు చేటలో బియ్యం తిప్పి తిప్పి చూశాడు. "ఎవుడి ఈపు మీద పోయిందో ఆడినే అడుగు" అన్నాడు. ఇంక విప్పి చెప్పక్కర్లేదు. చిల్లంగి. గిట్టనివాడు మంత్రం పెట్టి మనిషి ప్రాణం తీసెయ్యడం. భీముడికి గిట్టకపోవడానికి కారణం వెతికితే అదీ దొరికింది. రెండేళ్ల కిందట గట్టుమీది పనసచెట్టు కాయలు పంచుకునే దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

ఎవరితోనూ అనలేదు ఫల్గుణ. ముత్యాలమ్మతో కూడా అనలేదు. చైత్రంలో విత్తనాలకి చేసే ఇటుకల పండగ. మగవాళ్లంతా వేటకి పోవాలి. కొందరు తుపాకులూ విల్లులూ పట్టుకుని సందుల్లో మాటు వేస్తారు, మిగతావాళ్లు కేకలు పెడుతూ పైనుంచి జంతువుని తోలుకొస్తారు. ఆ తోపులో ఎప్పుడైనా తగలకూడని మనిషికి తగులుతుంది. పొరపాటంటారు, ఏడుస్తారు, పూడుస్తారు. కానీ ఒక్క దెబ్బే. రెండో దెబ్బ పడితే దాన్ని పొరపాటు అనరు.

దానికి చెయ్యి నిలబడాలి.

తొండ దిగిపోయాక సాములోరు కళ్లు తెరిచాడు. ఫల్గుణ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"సాములూ, ఈ కూకోటం నాకూ నేర్పుతావేటి?"

"ఎందుకు?"

"సెయ్యి వణుకుతంది. వణుకు పోవాల."

"వణుకు పోయాక ఏం చేస్తావు?"

ఫల్గుణ కింద గడ్డి కేసి చూశాడు. సాములోరు ఎక్కువసేపు అతని మొహం చూడలేదు. గిన్నె తీసుకుని లేచాడు.

"నాకు చెప్పనక్కర్లేదులే. నేను మొదట ఎందుకు కూచున్నానో తెలుసా? నిద్ర పట్టక. బస్సు కండక్టరు పని చేసేవాణ్ణి. పడుకుంటే చెవిలో ఇంజనే మోగేది. నిద్రకోసం కూచున్నాను, మోక్షం కోసం కూచున్నానని అందరికీ చెప్పాను. ఏడేళ్లు. ఏడేళ్లూ వృథా." గిన్నె ఇంకో చేతికి మార్చాడు. "నేర్పుతాను. ఒకటే షరతు. రోజూ కూచోబోయే ముందు, ఎందుకు కూచుంటున్నావో నోటితో పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే కుదరదు. మనసులో అయితే మనిషి తనకి తానే మస్కా కొట్టుకుంటాడు. పైకి అంటే తన చెవి తనే వింటుంది."

"నువ్వుంటే ఎలాగ సెప్పేది?"

"నేను ఊటకి నీళ్లకి పోతాను. వినను. అబద్ధం చెప్పావంటే నాకు పోయేది లేదు. నీ కూచోడం పాడవుతుంది, అంతే."

ఫల్గుణకి ఇంకో బండ చూపించాడు. అంచున ఉంది. కింద వాలులో అడ్డాకు తీగలు అల్లుకుని ఉంటాయి.

పుష్యమాసం. మంచు దుప్పటి మీద తడిగా దిగేది. మొదటి పొద్దున సాములోరు కుండ తీసుకుని కనుమరుగయ్యేదాకా ఆగి, ఫల్గుణ చుట్టూ చూసుకుని అన్నాడు.

"భీముడు మావని ఒక్క దెబ్బకి సంపాల. దానికి కూకుంటన్నాను."

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఇన్ని నెలలూ కడుపులో తిరిగిన మాటే. బయటికి వస్తే ఇంత చిన్నదా అనిపించింది.

కూచోడం అతనికి కష్టం కాలేదు. కాళ్లు మడిచి రెండు జాములు ఉండగలడు. కష్టం ఇంకోచోట వచ్చింది. మూడో రోజున సాములోర్ని అడిగాడు.

"ముక్కుకాడ ఊపిరి సూస్తన్నాను. వొస్తంది, పోతంది. మరేటి రావాల?"

"ఏమీ రాదు."

"ఏటీ రాదా? రాని జంతువుకి మాటేటి?"

సాములోరు పెద్దగా నవ్వాడు. "నువ్వు అడిగినట్టు మా గురువుగారి దగ్గర నేను అడిగుంటే ఏడేళ్లు కలిసొచ్చేవి. వచ్చేదాన్ని కొట్టడానికి కాదు ఈ మాటు. వచ్చింది వచ్చినట్టు చూడ్డానికి. చూశాక అది పోతే పోనియ్యి."

ఫల్గుణకి అది నచ్చలేదు. కానీ నెల తిరిగేసరికి చెయ్యి నిలబడింది. ఇంటి చూరులోంచి తుపాకి తీసి, దూరంగా పనసచెట్టు మీద ముడికి గురి చూశాడు. గొట్టం కొస కదల్లేదు. మంచిది, అనుకున్నాడు.

షరతు మాత్రం తప్పలేదు. రోజూ పైకి చెప్పాడు. అబద్ధం ఆడితే చెయ్యి మళ్లీ వణుకుతుందేమోనని భయం. ఆ భయంవల్లే మాట రోజురోజుకీ పొడుగైంది.

"భీముడు మావని సంపాల. నా గుంటని సంపినాడు కాబట్టి."

ఇంకో పొద్దున నోరు తెరిస్తే, సంపినాడు అన్న దగ్గర నాలుక ఆగింది. చూశాడా తను? లేదు. "సంపినాడని గురువు సెప్పినాడు" అని దిద్దుకున్నాడు. ఆ మర్నాడు దానికి ఇంకోటి తగులుకుంది. "గురువుకి రత్న మాట నానే సెప్పినాను." అది నిజమే. గురువుకి బియ్యం చెప్పకముందే ఫల్గుణ చెప్పాడు.

కోపం వచ్చింది. మూడు రోజులు బండ దగ్గరికి పోలేదు. నాలుగో రోజు చేతులు చూసుకున్నాడు. వణుకు లేదు గానీ ఉన్నట్టు అనిపించింది. పోయాడు.

ఆ రోజు సాములోరు ఊటకి పోయాక నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరేది.

"ఆ దినం నాను ఊళ్లో నేకపోయినాను."

అంతే వచ్చింది. తరవాత దాని వెనకదంతా వచ్చింది. గుంటకి జ్వరం తగిలిన పొద్దునే అతను కణుజు దుప్పి వేటకి బయల్దేరాడు. పొరుగూరి వాళ్లతో పందెం వేసి ఉన్నాడు. ముత్యాలమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "దాని ఒళ్లు కాల్తంది, ఈ దినం ఉండిపో" అంది. కనక చాపమీంచి తల ఎత్తి చూసింది. "బేగొచ్చేస్తాను" అన్నాడు. నాలుగు రోజులు. కణుజూ దొరకలేదు.

"కనకా" అని ఒకటికి రెండుసార్లు పిలిచాడు బండమీద. వెక్కిళ్లు వచ్చాయి. భీముడి పేరు ఆ రోజు అనలేదు.

అలా అని మనసు మార్చుకున్నాడనుకుంటే పొరపాటు. ఏడుపు ఆరాక ఇంకా గట్టిపడ్డాడు. తను లేకపోవడం తన తప్పే కావచ్చు. ముసలాడు గొణిగింది గొణిగిందే. తప్పు రెండు చోట్ల ఉంటే ఒకటి లేకుండా పోదు. ఇలా లెక్క వేసుకుని, ఆ లెక్క మీద నిలబడ్డాడు.

చైత్రం వచ్చింది. వేటకి ముందురోజు సాములోరితో చెప్పాడు.

"రేపు రాను. ఇటుకల వేట."

"వేటలోనూ కూచుంటావుగా. అక్కడ కూచోబోయే ముందు కూడా చెప్పుకో."

"పైకి సెప్తే జంతువు పారిపోద్ది."

"పారిపోనీ."

ఫల్గుణ ఆయన మొహంలోకి చూశాడు. ఈయనకి తెలుసా, తెలీదా? ఏమీ దొరకలేదు. తొండకి దొరకనట్టే.

తెల్లారకముందే ముత్యాలమ్మ లేచి అంబలి కాచింది. అతను తుపాకిలో మందు దట్టించుకుంటుంటే పక్కన కూచుంది. ఇటుకల పండగలో ఆడవాళ్లు పెండనీళ్లు కలిపి ఉంచుతారు. వేట దొరక్కుండా వచ్చిన మగవాళ్ల మీద కుమ్మరిస్తారు, నోటికొచ్చిన పాటలు కట్టి తిడతారు. వేట నెత్తురు తగిలితేనే విత్తనాలకి బలం. అలాంటి రోజున ఏ ఇల్లాలూ అనని మాట అంది ముత్యాలమ్మ.

"ఉత్త సేతుల్తో వొచ్చినా పర్వానేదు."

"ఏటి?"

"ఏటీ నేదు. తాగు, సల్లారిపోతంది."

ఫల్గుణ ఎంచుకున్న సందు రెండు గుట్టల మధ్య ఉంది. తోలేవాళ్లలో భీముడు ఎప్పుడూ ఎడమ చివరన వస్తాడు. ముసలి కాళ్లు, ఏటవాలు ఎక్కలేడు. ఆ చివర వచ్చి కలిసేది ఈ సందులోకే. ఫల్గుణ రాతి చాటున మోకాలు మడిచి, తుపాకి ఒడిలో పెట్టుకున్నాడు. పైన దూరంగా కేకలు మొదలయ్యాయి. చెయ్యి రాయిలా ఉంది. ఊపిరి వస్తోంది, పోతోంది. ఇంత నిబ్బరంగా అతను జన్మలో ఎప్పుడూ కూచోలేదు.

మూడు నెలల అలవాటు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఎందుకు కూకుంటన్నానంటే..."

ఆగిపోయాడు. రోజూ వచ్చే పేరు నోటికి రాలేదు.

"సెప్పు అల్లుడా. ఆపేసినావేటి? నా పేరే గదా."

వెనక నాలుగు బారల దూరంలో, పొద చాటున భీముడు గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో కర్ర కూడా లేదు. ఫల్గుణ తుపాకితో సహా తిరిగాడు. గొట్టం ముసలాడి ఛాతీకి ఎదురుగా నిలిచింది.

"ఎప్పట్నుంచి ఉన్నావు?"

"నీకంటే ముందే వొచ్చినాను. నువ్వీ సందే పడతావని తెల్సు."

"ఎలాగ తెల్సు?"

"బండ కిందే గదా నాను అడ్డాకులు కోసేది. పుష్యం నుంచి వింటన్నాను. ఒక్క దెబ్బంటే ఇటుకల వేటే, నాను తోలుకుంటా దిగేది ఈ సందులోకే." భీముడు నేలమీద సరిగ్గా కూచున్నాడు. "మొదటి దినం కాళ్లు ఆడనేదు. సీలేరు పోదారని మూట కట్టినాను, అక్కడ మా బావమరిది ఉన్నాడు గదా. మల్లా తెల్లారి, ఈ దినం ఏటంటాడో సూద్దారని వొచ్చినాను. అలాగ అలవాటైపోనాది. మజ్జిలో మూడు దినాలు నువ్వు రానేదు. ఈడికి జొరం గానీ వొచ్చిందేటని నాకే బెంగ."

ఫల్గుణకి నవ్వు రాలేదు. ముసలాడూ నవ్వించడానికి అనలేదు.

"అన్నీ ఇని, మరెందుకొచ్చినావిక్కడికి?"

"బండమీద అంతా సెప్పుకున్నావు. గుంట పేరెట్టి ఏడ్సినావు, అదీ విన్నాను. నన్ను మాత్రం ఒక్క మాట అడగనేదు నువ్వు. అడుగుతావేమోనని ఇన్నాళ్లు సూసినాను. ఈ దినం దాటితే అడగటానికి నాను ఉండను గదా."

పైన కేకలు దగ్గరవుతున్నాయి. డప్పు కూడా వినిపిస్తోంది. ఫల్గుణ తుపాకి దించకుండానే అడిగాడు.

"గెడ్డకాడ ఏటి గొణిగినావు?"

"లెక్క."

"ఏటి లెక్క?"

భీముడు తన మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఇక్కడ. గుంట ఊపిరి ఇడిస్తే ఇక్కడ ఏడిగా తగిలేది. తగిలినప్పుడల్లా ఒకటీ, రెండూ అని లెక్కెట్టినాను. నాకు ఇరవై దాకే వొచ్చు. ఇరవై అయిపోతే మల్లా ఒకటి. నాను లెక్క ఆపకపోతే అదీ ఆగదని. కొండ దిగినంతసేపూ ఆగనేదు అల్లుడా. గెడ్డలో దిగినాను. పదకొండు అన్నాను. పన్నెండు తగల్నేదు."

మెడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"నీళ్ల సలవకి నాకు తెలీటం నేదేమో అనుకున్నాను. పన్నెండు, పన్నెండు, పన్నెండు అనుకుంటానే ఒడ్డెక్కినాను. రత్న సూసింది అప్పుడే."

ఫల్గుణ తుపాకిని నేలమీద పెట్టాడు, గొట్టం గుట్టవైపు తిప్పి. పెట్టిన తరవాత రెండు చేతులూ వణకడం మొదలెట్టాయి. దాచుకోలేదు.

అప్పుడే పొదలు విరగ్గొట్టుకుంటూ పెద్ద పంది ఒకటి సందులోకి దూకింది. ఇద్దరి మధ్యలోంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలోంచి ఉరికి, అవతలి లోయలోకి దిగిపోయింది. దాని వాసన కాసేపు అక్కడే ఉండిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

మంగ్లు ఆయాసపడుతూ వచ్చాడు. "నీ సందులోంచే పోయింది గదరా! అంత పంది! కళ్లు మూసుకుని జపం సేసినావేటిరా?" తరవాత ముసలాణ్ణి చూశాడు, నేలమీద తుపాకిని చూశాడు, ఫల్గుణ చేతుల్ని చూశాడు.

ఆ ఏడు మొదటి వేటకి జోడుబండ మగవాళ్లు ఉత్త చేతుల్తో దిగారు. ఆడవాళ్లు ఊరి మొదట్లో అడ్డంగా నిలబడ్డారు, కుండలతో.

"ఓలమ్మ, ఈరులొచ్చినారు! గాజులు తొడగండే!"

"తుపాకులిటిచ్చేసి సీరలు కట్టుకోండర్రా, రేపు మేం ఎల్తాం!"

పెండనీళ్లు పడుతున్నాయి. మగవాళ్లు తలలు వంచుకుని, చేతులు అడ్డం పెట్టుకుని పరిగెడుతున్నారు. ఫల్గుణ పరిగెత్తలేదు. పక్కన భీముడు ఉన్నాడు, ఆయన పరిగెత్తలేడు. ఇద్దరూ మెల్లిగా నడిచి ముత్యాలమ్మ ముందుకు వచ్చారు. ఆమె చేతిలో కుండ ఉంది. మొగుణ్ణీ చిన్నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"ముత్యాలూ" అన్నాడు ఫల్గుణ, అందరూ వినేలాగే. "ఆ దినం నువ్వు ఉండమన్నావు. నాను ఉండనేదు."

ఏడు నెలల నుంచి ఆమె ఎదురు చూసిన మాట అదొక్కటే. ముత్యాలమ్మ కుండ ఎత్తింది. ఒక్క చుక్క కూడా మిగల్చకుండా మొత్తం అతని నెత్తిన కుమ్మరించింది. కుండ కింద పెట్టి, కొంగు చివర పట్టుకుని, పెండనీళ్లు కారుతున్న అతని కళ్లు తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది. పాటలు పాడే ఆడవాళ్లు ఆ కాసేపు పాట ఆపారు.

మూడో రోజుకి మంగ్లు ఒక కుందేలు కొట్టాడు. విత్తనాలకి అదే సరిపోయింది.

పండగ వెళ్లిన మర్నాడు పొద్దున ఫల్గుణ బండ దగ్గరికి పోయాడు. సాములోరు అతని మొహం చూశాడు. ఎప్పటిలాగే కుండ తీసుకుని ఊటవైపు కదిలాడు.

"ఉండు సాములూ. ఈ దినం వినొచ్చు."

సాములోరు కుండ దించి నిలబడ్డాడు. కింద వాలులో అడ్డాకులు తెంపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఫల్గుణ ఆ చప్పుడుకి కూడా అందేలా కొంచెం గొంతు పెంచాడు.

"నా గుంట ఊపిరి నాను లెక్కెట్టనేదు. అందుకు కూకుంటన్నాను."

కింద చప్పుడు ఆగింది. కొంతసేపటికి మళ్లీ మొదలైంది. ఫల్గుణ కళ్లు మూసుకున్నాడు. ఊపిరి వదిలాడు. ఒకటి, అనుకున్నాడు.